అర్హత ఎవరు నిర్ణయిస్తారు?

భౌతిక శాస్త్రవేత్త సాలీ రైడ్ 1983 జూన్ 18న 'ఛాలెంజర్'లో అంతరిక్షానికి వెళ్ళింది. అమెరికన్ స్త్రీలలో ఆమే మొదటిది. సోవియట్ మహిళ వాలెంతీనా తెరిష్కోవా వెళ్ళివచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళు.

అంతకాలం అమెరికాలో సమర్థులైన స్త్రీలే లేరా? తొలి వ్యోమగాములకు చేసిన వైద్య పరీక్షల్లో 1961 నాటికే 13 మంది స్త్రీలు నెగ్గారు. కానీ వ్యోమగామికి జెట్ టెస్ట్ పైలట్ అనుభవం తప్పనిసరన్నారు. ఆ శిక్షణలోకి స్త్రీలను రానిచ్చేవారు కాదు! 'స్త్రీలు పనికిరారు' అని ఎవరూ రాయనక్కరలేదు, అర్హత నిబంధనే ఆ పని చేసిపెడుతుంది.

స్పేస్ షటిల్ కోసం ఈ నిబంధన సడలించి స్త్రీలనూ దరఖాస్తు చేయమన్నాక, 1978లో ఎంపికైన 35 మందిలో ఆరుగురు స్త్రీలున్నారు. అదే ఏడు స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పొందిన సాలీ వారిలో ఒకరు. అయినా విలేకరులు ఆమెను అడిగిందేమిటి? పనిలో ఇబ్బంది వస్తే ఏడుస్తారా అని! తోటి మగవాళ్ళను ఇలా ఎందుకడగరని ఆమె నిలదీసింది. టామ్ ఓషానెస్సీ అనే స్త్రీతో ఆమెది 27 ఏళ్ళ సహచర్యమని లోకానికి తెలిసింది మాత్రం 2012లో ఆమె మరణించాకే. అంత పేరున్న మనిషికీ అన్ని తలుపులూ తెరుచుకోలేదు.

'తొలి మహిళ'లకు దండలు వేసి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. ప్రతి ఉద్యోగ ప్రకటనలోనూ అర్హతలు చదువుదాం. ఆ అర్హత సంపాదించే దారి స్త్రీలకు ఉందా అని అడుగుదాం. లేకపోతే పోరాటం అక్కడినుంచే మొదలుకావాలి.