వాణిజ్య భవనాలు – పర్యావరణం

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు సీమలో ఎండలు మెండు. దేవదుర్గ వంటి ఊళ్ళలోని పాత ఇళ్ళ మందపాటి గోడలు వేడిని త్వరగా లోనికి రానీయవు. నేడు పట్టణాలలో లేస్తున్న బహుళ అంతస్తుల వాణిజ్య భవనాలకు నిలువెల్లా అద్దాలే. అద్దం వెలుగుతోపాటు వేడినీ రానిస్తుంది. ఆ వేడిని తగ్గించడానికి పగలంతా శీతలయంత్రాలు నడవాలి. వాటికి విద్యుత్తు కావాలి.

ఈ జిల్లాలోనే శక్తినగర్‌లో 1985 నుండి ఉష్ణవిద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ బొగ్గును మండించి విద్యుత్తు తీస్తారు. మిగిలేది బూడిద. చల్లగా కూర్చునేవారు ఒకరు, పొగనూ బూడిదనూ భరించేవారు మరొకరు కావడం న్యాయం కాదు.

దీనికి మార్గాలు లేకపోలేదు. ఆ బూడిదను సిమెంటు, ఇసుకలతో కలిపి ఇటుకలు చేయవచ్చు. వాటికి పొలాల పైమట్టి తవ్వనక్కరలేదు, బట్టీలో కాల్చనక్కరలేదు. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రం ఎత్తైన మేడ కాదు. అయినా మేడలకు పాఠం చెప్పగలదు. అక్కడ పైకప్పు మీద తోట పెంచారు. ఎండ నుండి విద్యుత్తు తీసే ఫలకాలు అమర్చారు. వాడిన నీటిని మొక్కల వేళ్ళ సాయంతో శుద్ధిచేసే ఏర్పాటు చేశారు.

ఇలా కట్టడానికి ఖర్చు ఎక్కువని కొందరి వాదన. మొదట కొంత ఎక్కువే కావచ్చు. కాని భవనం కట్టేది ఒక్కసారి. విద్యుత్తుకు చెల్లించేది నెలనెలా. కనుక రేపు దేవదుర్గలో మేడలు లేచినప్పుడు వాటికి అనుమతి ఇచ్చేవారు అంతస్తులను మాత్రమే లెక్కించరాదు. గోడకు నీడ ఉన్నదా, గదికి గాలి ఉన్నదా, వాననీరు ఇంకే గుంట ఉన్నదా అని కూడా అడగాలి.