కుటుంబ ఆరోగ్యం: పసిబిడ్డ మన ముఖం చూడకపోతే...



పుట్టుగుడ్డివానిని చూసి, ఇది ఎవరి పాప ఫలమని శిష్యులు అడిగిన సంగతి యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. ప్రభువు ఆ నిందను వానిమీదా వేయలేదు, వాని కన్నవారిమీదా వేయలేదు. మన పల్లెల్లో మాత్రం నేటికీ ఆ నింద తల్లిమీదనే పడుతోంది.

మూడు నెలలు నిండినా బిడ్డ తల్లి ముఖం చూడకపోతే, కనుగుడ్లు నిలకడ లేక ఊగుతుంటే, పిడికిళ్లతో అదేపనిగా కళ్లు నొక్కుకుంటుంటే ఆలస్యం చేయకండి. ఆకు పసరు, చనుబాలు కంట్లో పోయకండి. కంటిపాపలో తెల్లని మెరుపు కనిపిస్తే అది కంటి క్యాన్సరు కావచ్చు. ఆ వారంలోనే వైద్యునికి చూపించాలి.

మొదట చెప్పిన గుర్తులు కొందరిలో లెబర్ కంజెనిటల్ అమోరోసిస్ అనే అరుదైన వ్యాధివల్ల వస్తాయి. థియోడర్ లెబర్ అనే జర్మనీ వైద్యుడు 1869లో దీనిని వివరించాడు. కంటి వెనుక రెటీనా అనే పలుచని పొర ఉంటుంది. ఈ వ్యాధిలో పుట్టుకనుండే అది సరిగా పనిచేయదు. పైకి కన్ను చక్కగానే ఉంటుంది.

వైద్యులు చుక్కల మందు వేసి ఆ పొరను ఫోటో తీస్తారు. ఓ.సి.టి. యంత్రం కాంతితోనే ఆ పొరలోని వరుసలను చూపుతుంది. కోత లేదు, నొప్పి లేదు. అయితే తొలి నెలల్లో ఫోటో మామూలుగానే రావచ్చు. అందుకే ఇ.ఆర్.జి. పరీక్షతో వెలుగుకు రెటీనాలో పుట్టే విద్యుత్తును కొలుస్తారు. ఈ వ్యాధిలో అది దాదాపు ఉండదు. తర్వాత రక్తపరీక్షతో జన్యులోపాన్ని వెదకుతారు.

గంభీరావుపేటలో బీడీలు చేసే, సిరిసిల్లలో సాంచెలు నడిపే కుటుంబాలకు హైదరాబాదు ప్రయాణం చిన్న మాట కాదు. ముందుగా అంగన్వాడీ టీచరుకు చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్యులు చూసి పెద్దాసుపత్రికి పంపుతారు. హైదరాబాదులో 1987లో ఆరంభమైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పేదలకు ఉచిత వైద్యముంది.

సాధారణంగా ఈ లోపం తల్లి, తండ్రి ఇద్దరినుండీ కలిసి వస్తుంది. వారికి చూపు బాగానే ఉంటుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదముంది. మేనరికంలో ఇది జరిగే అవకాశం ఎక్కువ. సంబంధం కలుపుకొనేముందు సంఘ పెద్దలు ఈ మాట చెప్పాలి.

చికిత్స ఇంకా కొద్దిమందికే ఉంది. ఆర్.పి.ఇ.65 అనే జన్యువు లోపానికి 2017లో అమెరికా ఒక జన్యు చికిత్సను అనుమతించింది. మిగతావారికి పరీక్ష వృథా కాదు. తల్లిమీది నింద తొలగుతుంది. తర్వాతి కాన్పు గురించి సలహా దొరుకుతుంది. బిడ్డకు చిన్ననాటనే బ్రెయిలీ నేర్పవచ్చు.

లూకా కూడా వైద్యుడే. బిడ్డ కోసం ప్రార్థించండి. ఆసుపత్రికి పోయే బస్సు కూడా ఎక్కండి. ఆ తల్లి ఒంటరిగా పోకుండా సంఘంలో ఒకరు తోడు వెళ్లండి.