నేలకో పచ్చడం

న్యూజెర్సీలో కూతురింటికి వెళ్లిన ఓ తల్లికి ఇంటి ముందరి వాలు నచ్చలేదు. జానెడు ఎత్తు కూడా లేని పొద ఒకటి మట్టి కనపడకుండా దాని మీద పరుచుకుంది. ‘‘ఇందులో పాము దూరితే తెలుస్తుందటే?’’ అని ఆమె బెంగ. తెల్లారకముందే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గేసిన చేతులవి. మట్టి కనిపిస్తేనే ఆమె లెక్కలో ఇల్లు శుభ్రంగా ఉన్నట్టు.

ఆ పొద పాకుడు జూనిపర్. కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో రాతి నేలల్లోనూ ఇసుక దిబ్బల మీదా తనంతట తానే పెరుగుతుంది. తోటల్లో ఎక్కువగా కనిపించే ‘బ్లూ రగ్’ రకం 1914లో మెయిన్ రాష్ట్రానికి చెందిన వైనల్‌హేవెన్ దీవిలో దొరికింది. ఎత్తు ఆరంగుళాలకు అటూ ఇటూ. పక్కలకు మాత్రం ఆరడుగులు పాకుతుంది. కొమ్మ నేలను తాకిన చోట వేరు దిగుతుంది. గడ్డి కోసే మిషను ఎక్కలేని వాలు మీద, వానకు మట్టి జారిపోకుండా పట్టుకోవడమే దానికి అప్పగించిన పని. ఎండ బాగా తగలాలి. మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది.

నాటి వదిలేస్తే చాలంటారు గానీ, నమ్మకండి. మొక్కలు ఒకదాన్నొకటి కలుసుకునేదాకా, రెండు మూడేళ్లు, కలుపు తీయక తప్పదు. ఆ గరుకు ఆకుల్లోకి చెయ్యి దూర్చి గడ్డిపరక లాగితే ముంజేతి నిండా గీతలే. కత్తెర పడనిచ్చే విషయంలోనూ దానికి పట్టింపు ఉంది. ఆకు లేని పాత కొమ్మదాకా కత్తిరిస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు. ఎంత నరికినా చిగురేసే మందారాన్ని చూసినవాళ్లకు ఇది వింతే.

బెజవాడ ఎండల్లోకి దాన్ని తెచ్చుకోవాలని ముచ్చటపడటం అనవసరం. నేలకు దుప్పటి కప్పడం మనకూ తెలుసు. వాకిట్లో మట్టి కనపడాలన్న మనమే చేలో దాన్ని కప్పి ఉంచాం. కోతకు ముందే వరిలో పిల్లిపెసర చల్లడం డెల్టా రైతుకు పాత అలవాటు. ఏడాదిలో 365 రోజులూ నేల పచ్చగా ఉండాలని ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం చేయించేవాళ్లు ఇప్పుడు చెబుతున్నదీ అదే.

చలి ముదిరేసరికి న్యూజెర్సీ వాలు ఊదారంగుకు తిరిగింది. మొక్క చచ్చిపోతోందని ఆ తల్లి బకెట్ నిండా నీళ్లు పట్టుకుని బయల్దేరింది. ‘‘చలికి అలాగే రంగు మారుతుందమ్మా, ఎండలొస్తే మళ్లీ పచ్చబడుతుంది’’ అంది కూతురు. నమ్మకం కుదరక ఆమె వంగి ఓ కొమ్మ పైకెత్తి చూసింది. కింద మట్టి నల్లగా, చెమ్మగా ఉంది. కొమ్మను మెల్లగా వదిలేసి, తెచ్చిన నీళ్లు గుమ్మం ముందు చల్లి లోపలికి వెళ్లిపోయింది.