పదహారో ఏట తాళంచెవి

పండక్కి తాతయ్య మనవరాలి చేతిలో పెట్టిన నోటు మన ఇళ్ళలో ఏమవుతుందో అందరికీ తెలిసిందే. "నా దగ్గర దాస్తాలే" అంటుంది అమ్మ. ఆ లెక్క అక్కడితో సరి! కాని ఈ బ్రిటన్‌లో పిల్లల పేర జూనియర్ ఐసా తెరిచినవారికి ఆ పప్పులు ఉడకవు.

2011లో వచ్చిన ఈ ఖాతాలో ఏడాదికి 9,000 పౌండ్ల దాకా వేయవచ్చు. రాబడిపై పన్ను లేదు. మనవాళ్ళు శ్రద్ధగానే వేస్తున్నారు గాని, ఒక సంగతి మరుస్తున్నారు. వేసిన డబ్బు తల్లిదండ్రులు వెనక్కి తీసుకోవడానికి లేదు. 18 నిండిన నాడు అంతా పిల్లలదే. చదువుకి దాచామమ్మా అని మనం మొత్తుకున్నా, కారు కొంటానంటే ఆపే హక్కు మనకు లేదు.

అయితే 16 నిండగానే ఖాతా నిర్వహణ పిల్లలు తీసుకోవచ్చు. డబ్బు తీయడం మాత్రం 18 దాకా కుదరదు. పెత్తనం ఉండి, ఖర్చుకు వీలులేని ఈ రెండేళ్ళను మనం ఊరికే పోనిస్తున్నామని నా బాధ. "పిల్లలకెందుకీ గొడవలు?" అనే మాట ఇక్కడ పనికిరాదు.

మా అమ్మాయికి కాగితాలు అప్పగించిన రోజున మొదట అడిగింది, "నాన్నా, ఈ ఛార్జీ ఏటేటా ఎందుకు కడుతున్నాం?" అని. ఇన్నేళ్ళుగా నేను చూడనేలేదు. ఇద్దరం కూర్చుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాం.