నీళ్లు లేని దీవి

ఎండాకాలం వస్తే పత్రికలకు దీవులు గుర్తొస్తాయి. అండమాన్‌కు ఓడ ఎప్పుడుంది, లక్షద్వీప్‌కు పర్మిట్ ఎవరిస్తారు, మాల్దీవుల్లో రాత్రికి గది అద్దెంత. నేనేమో సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాల్సిన జిల్లావాణ్ని. నాకు తెలిసిన దీవి ఒకటే. దాని చుట్టూ నీళ్లుండవు.

కదిరి నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు పోతే నంబులపూలకుంట మండలంలో గూటిబయలు. దారి పొడుగునా ఎర్రమన్ను, గుండ్లు, అక్కడొక కానుగ, ఇక్కడొక వేప. పడమటి కనుమలు ఒక రుతుపవనాన్ని అడ్డుకుంటే, రెండోది తూర్పు తీరం నుంచి ఇక్కడిదాకా వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడితే పడినట్టు. అట్లాంటి నేల మీద ఉన్నట్టుండి అయిదెకరాలకు పైగా ఒకటే పచ్చదనం. దూరం నుంచి తోపు అనుకుంటాం. దగ్గరికి పోతే ఒకే చెట్టు, తిమ్మమ్మ మర్రిమాను. వెయ్యికి పైగా ఊడలు దిగి, ఒక్కొక్కటీ ఒక్కో మానై నిలబడింది. కర్ణాటక పాత్రికేయుడొకరు దాని వెంటపడి లోకానికి చూపించాక 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా పాలైంది గానీ, మా నోటికి అది ఇంకా అనంతపురం చెట్టే.

1434లో భర్త చితి మీద కాలిపోయిన తిమ్మమ్మ పేరు దానిది. చితికి పాతిన గుంజ చిగురించి ఇంత మానైందని చెబుతారు. పిల్లల్లేనివాళ్లు మొక్కుకుంటారు, శివరాత్రికి తిరునాళ్ల జరుగుతుంది. ఆ చల్లని నీడ వెనక ఒక ఆడమనిషి మంట ఉందన్నది నాకెప్పుడూ మింగుడుపడలేదు. అయినా రెండేళ్లకోసారి పోతూనే ఉన్నాను.

పోయినసారి ఊడల మధ్య తిరుగుతూ పొద్దు మరిచాను. లోపల సాయంత్రపు వెలుగు చెరువు అడుగున కూర్చున్నట్టు ఆకుపచ్చగా ఉంటుంది. బయటికొచ్చేసరికి కదిరి బస్సు వెళ్లిపోయింది. తప్పు నాదే. టెంకాయలు, కర్పూరం అమ్ముకునే అవ్వ బంకు మూసుకుంటూ నన్ను చూసింది.

"బస్సు పాయె గదప్పా. యా ఊరు నీది?"

చెప్పాను.

"యాడికి పోవల్ల?"

ఇక్కడొక మాట. తాడిపత్రి దగ్గర యాడికి అనే ఊరే ఉంది. ఆ దారిలో కండక్టరు "యాడికి?" అంటే "యాడికే" అని టికెట్టు అడిగేవాళ్లున్నారని మా వైపు పాత నవ్వులాట. మా జిల్లాలో ప్రశ్నలంటే అంత మోజు. మనిషి ఎదురైతే నమస్కారం తరువాతి సంగతి, ఊరేదో ముందు తేలాలి. పట్నం నుంచి వచ్చినవాళ్లకు ఇది పోలీసు విచారణలాగా ఉంటుంది. నేనూ ఒకప్పుడు విసుక్కునేవాణ్ని.

"రా నాయనా, ఇంత సంగటి తిందువు గానీ" అంది అవ్వ.

రెండు గదుల ఇల్లు, ముందు వసారా. కాళ్లు కడుక్కోవడానికి ఒక చెంబు, తాగడానికి ఇంకొక చెంబు. కాళ్లకిచ్చిన చెంబు సగమే నిండి ఉంది. ట్యాంకరు ఎప్పుడొస్తుందో లెక్క పెట్టుకునే ఇంట్లో ఆ సగం చెంబు విలువెంతో నాకు తెలుసు గనక, మోకాళ్ల దాకా పోసుకోకుండా పాదాలు తడుపుకున్నాను. రాగి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి, మజ్జిగ. ముద్ద చల్లారకముందే మూడో ప్రశ్న వచ్చింది.

"మీరు ఏమోళ్లు నాయనా?"

"పేపర్లో రాసేవాళ్లం అవ్వా."

"అదీ ఒక కులమేనా?" అని పడీపడీ నవ్వి, ఇంకొక ముద్ద వేసింది.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, అహోబిలం మీదుగానే సాగాడు. పల్లకీ, బోయీలు, పెద్ద పరివారం. అయినా మజిలీ మజిలీకీ ఆయన రాసుకున్నది చాలావరకు ఒకటే: ఇక్కడ నీళ్లున్నాయా, అంగడుందా, దిగడానికి సత్రముందా. పరివారమే లేని నాబోటివాడికి ఆ మూడూ ఒక అవ్వ రూపంలో దొరికాయి. అంతవరకు కథ ముచ్చటగానే ఉంది. ఇక్కడితో ఆపితే పర్యాటక శాఖవాళ్లు కరపత్రంలో వేసుకోవచ్చు.

తిరిగొచ్చాక దీన్ని ఒక మిత్రుడికి చెప్పాను. ఆయనదీ ఈ జిల్లానే, దళిత కుటుంబం. చివరిదాకా విని, "నిన్ను మూడో ప్రశ్న అడిగితే నవ్వొచ్చే జవాబు చెప్పినావు. నేనైతే ఆ ప్రశ్న రాకముందే లేచిపోతా" అన్నాడు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, ఆయన ఏ పల్లెకు పోయినా సంచిలో రెండు సీసాల నీళ్లుంటాయి. శుభ్రత పట్టింపు అనుకునేవాణ్ని. చిన్నప్పుడు టీ బంకుల్లో తన గ్లాసు వేరే మేకుకు వేలాడుతుండేదట. ఆ అవ్వ ఆయనకూ అదే చెంబు ఇచ్చేదా? ఇచ్చేదనే నాకనిపిస్తుంది. కానీ నా అనిపింపు మీద నమ్మకం పెట్టి తన సీసాలు ఇంట్లో వదిలి రమ్మని ఆయనకు చెప్పగలనా? చెప్పలేను.

ఆ రాత్రి వసారాలో నులక మంచం నాకిచ్చి, అవ్వ గడప దగ్గర చాప వేసుకుంది. కొడుకు బెంగళూరులో మేస్త్రీ కింద పని చేస్తాడట. మనవరాలు పుట్టినప్పుడు పోయి నెల దినాలుందట.

"ఎదురింటోళ్లు ఒక్కనాడన్నా యా ఊరని అడగల్యా. మెట్ల కాడ ఎదురైతే గోడ చూస్తారు. నేనేమన్నా దయ్యాన్నా నాయనా? అడిగేటోళ్లు లేకపోతే నాకు నోట్లో మాట రాకుండా పోతాదేమోనని భయమాయె. తిరిగొచ్చేసినా."

ఆమె అడిగినప్పుడు విసుక్కోలేదని లోలోపల ఊపిరి పీల్చుకున్నాను.

పొద్దున అయిదు వందల నోటు తీశాను. చూపుతోనే లోపల పెట్టించింది. "టెంకాయ కొట్టిపో" అంది. బంకు తీసి టెంకాయ ఇచ్చి ముప్పై రూపాయలంది. చిల్లరలో ఇరవై ఎనిమిదే ఉన్నాయంటే తక్కిన రెండు రూపాయలకు నేను జేబులన్నీ తడిమేదాకా చెయ్యి చాచుకునే ఉంది. సంగటి సంగటే, బేరం బేరమే.

బస్సుకు ఇంకా సమయముంది. అరవై ఏళ్లుగా ఆ నీడలోనే ఉన్న మనిషి, చెట్టును ఎన్నడూ నిండుగా చూడలేదంది. నిజమే, కింద నిలబడినవాళ్లకు అది అడివి, ఎడంగా నిలబడినవాళ్లకు తోపు. ఫోనులో ఉపగ్రహం తీసిన బొమ్మ తెరిచి పెద్దది చేసి చూపించాను. ఎర్రటి నేల మీద పచ్చటి మచ్చ.

"ఇంతేనా?" అంది. తరువాత, "మాయమ్మోళ్ల ఊరు సూపియ్యి" అంది.

వేలితో బొమ్మను నంబులపూలకుంట వైపు జరిపాను. ముదురు నీలం పలకలు, గళ్లు గళ్లుగా. 2016లో ఎన్‌టీపీసీ వాళ్ల 250 మెగావాట్లతో మొదలైన సోలారు పార్కు అది. ఇక్కడ వాన తక్కువైనా ఎండకు కొదవ లేదు గదా.

"ఇదంతా సోలారేనా? పైనుంచి చూస్తే చెరువు మాదిరుండాదే!"

అవ్వ ఆ నీలం మీద వేలు పెట్టి, బియ్యంలో రాయి వెతికినట్టు అటూ ఇటూ జరిపింది. ఒకచోట ఆపింది.

"ఈడ మా నాయన గొర్రెలు మేపుతాండె."

వేలు తియ్యలేదు. మలుపులో బస్సు హారను వినిపించింది.

- బాటసారి