కీళ్ళ పాఠం మార్కులకేనా?

శరీరంలో ఎముకలు ఎన్ని అని అడిగితే మన హాస్టల్లో చిన్న తరగతి పిల్లలు కూడా 206 అని ఠక్కున చెబుతారు. కీళ్ళ రకాలు అడిగితే బంతి గిన్నె కీలు, మడత బందు కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు అని వరుసగా అప్పజెబుతారు. మేమూ అలాగే చదివి ఇక్కడిదాకా వచ్చాం. అయితే ఈ పాఠం పరీక్ష పేపరు దగ్గరే ఆగిపోకూడదని మా అభిప్రాయం. ఎందుకంటే మనలో చాలామంది అమ్మానాన్నలకు ఉన్న ఆస్తి ఆ కీళ్ళే.

భుజం, తుంటి రెండూ బంతి గిన్నె కీళ్ళే. భుజంలో గిన్నె లోతు తక్కువ. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, తేలిగ్గా జారుతుంది కూడా. తుంటి గిన్నె లోతైనది. తిరగడం తక్కువ, బరువు మోయడం ఎక్కువ. మోకాలు ముఖ్యంగా తలుపు బందులా ముడుచుకుని, చాచుకునే కీలు. వెన్నుపూసల మధ్య మృదులాస్థి బిళ్ళలుంటాయి. ఒక్కో పూస కొంచెమే కదులుతుంది, అన్నీ కలిస్తేనే నడుము వంగుతుంది.

నాట్లు వేసే అమ్మ పొద్దస్తమానం వంగే ఉంటుంది. ఆ భారం నడుము కింది పూసల మీద పడుతుంది. కీళ్ళలోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు, అరిగితే మునుపటిలా పెరగదు. ఆ నొప్పిని ఊళ్ళో వాతమంటారు, తలరాత అంటారు. పని తీరూ, పనిముట్టూ కూడా కారణమని మేమంటాం.

అమెరికాలోని కాలిఫోర్నియాలో పొలం కూలీలు పొట్టి పిడి పారతో రోజంతా వంగి పనిచేసేవారు. దానివల్ల నడుములు పాడవుతున్నాయని కూలీలు పోరాడారు, డాక్టర్లు సాక్ష్యం చెప్పారు. 1975లో ఆ పారను నిషేధించారు. మన దగ్గర సాళ్ళుగా నాటిన వరిలో కోనోవీడర్‌ను నిలబడే నెట్టవచ్చు. కానీ ఆడవాళ్ళ భుజబలం చూసి చేసిన పనిముట్లు ఇంకా రావాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సెలవులకు వెళ్ళినప్పుడు ఈ పాఠం ఇంట్లో చెప్పండి. బరువెత్తేటప్పుడు నడుము కాదు, మోకాళ్ళు వంచమనండి. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోమనండి. మీలో ఇంజనీర్లయ్యేవారు ఆ పనిముట్లు తయారుచేయండి. డాక్టర్లయ్యేవారు "విశ్రాంతి తీసుకోమ్మా" అని రాసే ముందు, ఆ రోజు కూలి ఎవరిస్తారో కూడా ఆలోచించండి.