బోరింగు ఎవరిది?

మీ ఊళ్ళోనో, మీ బడి ఆవరణలోనో బోరింగు ఉందా? కుళాయిలు వచ్చాక దాన్ని పట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు గాని, కరెంటు లేని రోజున, పైపు పగిలిన రోజున అందరూ బిందెలు పట్టుకుని మళ్ళీ దాని దగ్గరికే పరుగెత్తుతారు. ఈసారి వెళ్ళినప్పుడు దాన్ని కాస్త పరీక్షగా చూడండి. మూడు కాళ్ళ మీద నిలబడిన లావుపాటి గొట్టం, దాని మీద చిన్న నీళ్ళతొట్టి, ఆ పైన పెట్టెలాంటి తల, ఆ తలలోంచి బయటికి వచ్చిన పొడుగాటి ఇనప హేండిలు. పొరుగూరు వెళ్ళినా అదే. తమిళనాడు వెళ్ళినా, బీహారు వెళ్ళినా అదే. సముద్రం దాటి ఆఫ్రికాలోని ఘనాకో, మాలికో వెళితే అక్కడి పల్లెల్లో కూడా దాదాపు ఇదే కనిపిస్తుంది.

దీని పేరు ఇండియా మార్క్-2. 1990ల మధ్యనాటికే ప్రపంచంలో ఇలాంటివి సుమారు 50 లక్షలు తయారయ్యాయని అంచనా. మరి దీన్ని కనిపెట్టిందెవరు? ఆవిరి యంత్రం అనగానే జేమ్స్ వాట్ అని మీరు ఠక్కున చెబుతారు. టెలిఫోను అనగానే గ్రాహంబెల్ అంటారు. బోరింగుకు అలా ఒక్క పేరు చెప్పడం కుదరదు. కుదరకపోవడమే మంచిదైందని నా అభిప్రాయం. ఎందుకంటారా?

1960ల చివర్లో మన దేశంలో తీవ్రమైన కరువులు వచ్చాయి. బావులు ఎండిపోయాయి. మన దక్కను పీఠభూమి వంటి రాతినేలల్లో కూడా లోతుగా తొలిచే యంత్రాలు అప్పుడే రాసాగాయి. గంటల్లో బోరు పడేది. నీళ్ళూ పడేవి. చిక్కంతా పైన బిగించే పంపుతోనే. ఆనాటి చేతిపంపులు పోత ఇనుముతో చేసినవి. యూరపు, అమెరికా దేశాల్లో ఒక రైతు కుటుంబం తన పెరట్లో వాడుకునే పంపులకు అవి నకళ్ళు. అక్కడ రోజుకు నాలుగైదు బాల్చీలు తోడితే చాలు. ఇక్కడో, తెల్లవారుజామునుంచి పొద్దుపోయేదాకా వందల మంది కొట్టాలి! పాపం ఆ పంపు ఎన్నాళ్ళు నిలుస్తుంది? 1970ల మధ్యలో యూనిసెఫ్ సంస్థ లెక్క తీయిస్తే నాలుగింట మూడు పంపులు మూలపడి ఉన్నాయని తేలింది.

అయితే మహారాష్ట్రలోని జాల్నా, షోలాపూర్ ప్రాంతాల్లో మాత్రం కొన్ని పంపులు బాగా పనిచేస్తున్నాయి. అక్కడి మిషన్ సంస్థల్లో పనిచేసే మెకానిక్కులు పోత ఇనుమును వదిలి, ఉక్కుతో తమకు తోచిన పంపును చేసుకున్నారు. వాళ్ళు పెద్ద ప్రయోగశాలల వాళ్ళు కారు. పాడైన పంపుల్ని బాగుచేసీ చేసీ, అవి ఎక్కడ విరుగుతాయో చేతులతో తెలుసుకున్నవాళ్ళు. ఆ పంపుల్నే ఆధారం చేసుకుని యూనిసెఫ్, మద్రాసులోని ప్రభుత్వ మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రం, అక్కడి ప్రభుత్వరంగ కర్మాగారం రిచర్డ్‌సన్ అండ్ క్రూడాస్ కలిసి కొత్త నమూనా తయారుచేశాయి. కోయంబత్తూరు ప్రాంతపు పల్లెల్లో బిగించి, జనంచేత వాడించి చూశాయి. విరిగినచోటల్లా మార్చాయి.

ఆ నమూనాలో ఒక చిన్న తమాషా ఉంది. హేండిలు ఎప్పుడూ వంపుగా, అంటే వృత్తంలో ఒక ముక్కలాగా కదులుతుంది. కాని బోరులోకి వేలాడే కడ్డీ నిలువుగా పైకీ కిందికీ కదలాలి. కడ్డీని హేండిలుకు మేకుతో బిగిస్తే అది ప్రతిసారీ పక్కకు లాగుతుంది. అరిగిపోతుంది. బోరింగు తలలో ఏముందో తెలుసా? గొలుసు! అచ్చం సైకిలు గొలుసులాంటిదే. హేండిలు చివర చక్రంలో ముక్కలాంటి వంపు భాగం ఉంటుంది. గొలుసు దానిమీద చుట్టుకుంటూ, విడిపోతూ ఉంటుంది. అందువల్ల కడ్డీ ఎప్పుడూ ఇరుసునుంచి ఒకే దూరంలో తిన్నగా వేలాడుతుంది. లాగినప్పుడు పైకి వస్తుంది, వదిలితే తన బరువుతో తానే కిందికి దిగుతుంది. మీ జ్యామితి పుస్తకంలోని స్పర్శరేఖ పాఠం ఊరి నడిమధ్య పనిచేస్తోందన్న మాట.

ఇక అసలు సంగతి. ఇంత కష్టపడి చేసిన నమూనాకు ఎవరూ పేటెంటు తీసుకోలేదు. కొలతలు, పటాలు అన్నీ బయటపెట్టేశారు. 1979లో దీనికి భారత ప్రమాణం వచ్చింది. ఏ భాగం ఎంత ఉండాలో, ఏ ఉక్కుతో చేయాలో అందులో అచ్చయింది. యంత్రాలూ, ఓపికా ఉన్న ఏ కర్మాగారమైనా తయారుచేయవచ్చు. ఒక ఊళ్ళో తయారైన గొలుసు మరో ఊళ్ళో తయారైన హేండిలుకు సరిపోతుంది. పోటీ పెరిగి ధరా అందుబాటులోనే ఉండిపోయింది.

“మరి కష్టపడినవాడికి ఏం దక్కింది?” అని మీలో చురుకైనవాళ్ళు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. పేటెంటు చెడ్డదని నేననను. కనిపెట్టినవాడు పదిమందికీ వివరం చెప్పేస్తాడు, బదులుగా కొన్నేళ్ళు దానిమీద హక్కు పొందుతాడు. న్యాయమైన బేరమే. కాని ఆ బేరం నడవాలంటే కొనేవాడి చేతిలో డబ్బుండాలి. మంచినీళ్ళు లేని పల్లెకు అది లేదు. అందుకే ఇక్కడ పరిశోధన ఖర్చును ప్రభుత్వమూ, అంతర్జాతీయ సంస్థా భరించాయి. అంటే ఆ మొత్తం జనందే. జనం సొమ్ముతో చేసిన దానికి తాళం వేయడం ఏం న్యాయం?

అలాగని తలుపులు బార్లా తెరిస్తే అంతా బాగుపడుతుందనుకోకండి. ఆవకాయ కొలతలు ఊరందరికీ తెలుసు. ఉప్పు తగ్గించి పెట్టిన జాడీకి మాత్రం బూజు పడుతుంది. పటాలు అందరికీ దొరికేసరికి, పల్చటి పూత పూసి, నాసిరకం బేరింగు వేసి అమ్మేవాళ్ళూ బయలుదేరారు. అందుకే సరుకు కర్మాగారం దాటకముందే కొలిచి చూసే స్వతంత్ర తనిఖీ పెట్టవలసి వచ్చింది. పంచుకోవడం ఎంత ముఖ్యమో, పంచుకున్నదాన్ని నిక్కచ్చిగా కొలవడమూ అంతే ముఖ్యమని నాకు గట్టి నమ్మకం. తనిఖీని చాదస్తం అనుకునేవాళ్ళతో నేనెప్పుడూ పోట్లాడుతూనే ఉంటాను.

ఇంకో లోపం కూడా ఉంది. అది మా ఇంట్లోనే అనుభవమైంది. నా చిన్నప్పుడు మా వీధి బోరింగు వేసవిలో పాడైంది. అర్జీ పెట్టారు. బాగుచేసేవాళ్ళు రావడానికి మూడువారాలు పట్టింది. అన్నాళ్ళూ మా అమ్మ పొలాల్లోని బావికి నడిచి రోజూ నాలుగు బిందెలు తెచ్చేది. తీరా విప్పి చూస్తే పాడైంది ఏమిటి? అరచేతిలో పట్టే ఒక తోలు వాషరు! మార్క్-2లో ఆ వాషరు మార్చాలంటే బోరులో దిగిన గొట్టాలన్నీ పైకి లాగాలి. దానికి పనిముట్లు, నలుగురు మనుషులు, ఒక బండి కావాలి. పంపును ఎంతోమంది కలిసి తయారుచేశారు, నిజమే. కాని రోజూ దాన్ని కొట్టే మా అమ్మలాంటివాళ్ళు “ఇది పాడైతే ఎవరు బాగుచేస్తారు?” అని అడిగే చోటు ఆ బల్ల దగ్గర లేదు.

1983లో కోయంబత్తూరు ప్రాంతంలోనే మళ్ళీ పరీక్షలు మొదలుపెట్టి, ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. అలా మార్క్-3 వచ్చింది. గొట్టాన్ని 32 మిల్లీమీటర్లనుంచి 65కు వెడల్పు చేశారు. దానితో గొట్టాన్ని కదపకుండానే పిస్టనును పైకి లాగి వాషరు మార్చవచ్చు. అయితే వెడల్పు గొట్టం బరువు, ధర కూడా ఎక్కువే. ఒక సుఖం కావాలంటే మరొకటి వదులుకోక తప్పదు. ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో పల్లెటూరి స్త్రీలు, చదువు రానివాళ్ళు సైతం, శిక్షణ పొంది రెంచీలు పట్టి బోరింగులు విప్పి బిగించారు. నా దృష్టిలో అదీ ఒక ఆవిష్కరణే, మార్క్-3కి ఏమాత్రం తీసిపోదు.

పటాలు తెరిచి ఉండటంవల్ల కలిగిన మేలు ఆఫ్రికాలో బాగా తెలిసింది. అక్కడ కొన్ని ప్రాంతాల భూగర్భజలానికి ఆమ్లగుణం ఎక్కువ. జింకు పూసిన గొట్టాలను అది తినేసేది, నీళ్ళు ఎర్రగా వచ్చేవి. ఎవరి అనుమతికోసమూ ఎదురుచూడకుండా అక్కడివాళ్ళు తుప్పు పట్టని గొట్టాలు వేసుకున్నారు. ఉగాండావాళ్ళు మార్క్-2ను, మార్క్-3ను తమకు తగినట్టు మలచుకుని యు-2, యు-3 అని తమ ప్రమాణాలే రాసుకున్నారు.

మన దగ్గర ఇప్పుడు వచ్చిన చిక్కు వేరు. చాలా ఊళ్ళలో బోరింగు చెడిపోకుండానే ఎండిపోయింది. చుట్టూ కరెంటు మోటార్లు తోడుతుంటే నీటిమట్టం సిలిండరు కిందికి జారిపోయింది. దీనికి ఎంత మంచి పటమైనా పనికిరాదు. ఇక్కడ దాపరికం లేకుండా ఉంచవలసింది నీటి లెక్క. 2000ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే ఆ పని చేశారు. వానను, బోర్లలో నీటిమట్టాన్ని తామే కొలిచి, అందరికీ కనిపించేలా ఊళ్ళో బోర్డుల మీద రాశారు. ఏ పైరు వేస్తే ఎన్ని నీళ్ళు కావాలో కూర్చుని లెక్కకట్టారు. నా బోరు నా ఇష్టం అనుకునే కాలంలో, లోతును పదిమంది ముందు రాసిపెట్టడం చిన్న విషయం కాదు.

మీరు కూడా ఒక పని చేయండి. ఒక గడియారం, కొలత గుర్తులున్న బకెట్టు తీసుకుని మీ బోరింగు దగ్గరికి వెళ్ళండి. నీళ్ళు ధారగా పడేదాకా కొట్టి, ఆ తర్వాత నిమిషంలో నలభైసార్లు, హేండిలు పూర్తిగా దిగేలా కొట్టండి. సిలిండరు వ్యాసం 63.5 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 125 మిల్లీమీటర్లు. ఒక్క దెబ్బకు ఎన్ని నీళ్ళు రావాలో మీరే లెక్కవేయండి, సుమారు 400 మిల్లీలీటర్లు వస్తుంది. నలభైకి 12 లీటర్లకు బాగా తగ్గితే వాషర్లు అరిగాయన్న మాట. తర్వాత అరగంట ఆగి మళ్ళీ కొట్టండి. నీళ్ళు రావడానికి అయిదు దెబ్బలకన్నా ఎక్కువ పడితే అడుగు కవాటమో, గొట్టమో కారుతోంది. దొరికిన అంకెలను తేదీ వేసి, బోరింగు పక్క గోడమీద సుద్దముక్కతో పెద్దగా రాయండి. వచ్చే నెల మళ్ళీ కొలిచి, దాని కిందే రాయండి.